కుడివైపు పతకం

“పొద్దున ఏడింటికి ఎక్కడికి వెళ్ళావు, ఇంద్రకళా?”

సుకమాయ ఈ మాట అడగడం మూడోసారి. మూడోసారి కూడా ఇంద్రకళ తల ఎత్తలేదు. తూర్పు నేపాల్‌లో, ధరాన్ ఠాణాలోని ఆ చిన్న గదిలో బల్ల మీద పెట్టిన టీ చల్లారి మీగడ కట్టింది. గోడ గడియారం పన్నెండూ పది చూపిస్తోంది.

“నాలుగింటికి నిన్ను ఇనరువా జిల్లా కోర్టుకి తీసుకెళ్తారు. ఖూనీ కేసు రాస్తున్నారమ్మా. తెలుసా?”

“తెలుసక్కా.”

“మీ ఆయన బ్రూనైలో సిపాయి డ్యూటీలో ఉన్నాడు. కబురందినా వారానికి గానీ రాలేడు. నీ తరఫున మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే. నాక్కూడా చెప్పకపోతే ఎలా?”

ఇంద్రకళ మామగారు కర్ణధ్వజ్ నెంబాంగ్ బ్రిటిషు సైన్యం తరఫున మలయా అడవుల్లో యుద్ధం చేసి సాహస పతకం తెచ్చుకున్న గూర్ఖా సిపాయి. అరవై నాలుగేళ్ళవాడు. యుద్ధాల్లో పోయిన వాళ్ళని తలుచుకునే నవంబరు పదకొండు ఇవాళ. పదకొండు గంటలకు స్మారక శిల దగ్గర మొదటి పూలచక్రం పెట్టాల్సింది ఆయనే. తొమ్మిదీ ఇరవైకి కోడలు తలుపు తోసి చూస్తే కోటు, టోపీ, పతకాలతో సహా కుర్చీలో కూర్చునే ఉన్నాడు. ప్రాణం మాత్రం లేదు. పక్కనున్న గ్లాసులో విషం కలిసిన టీ. ఏడున్నరకీ ఎనిమిదింబావుకీ మధ్య పోయాడని డాక్టరు చెప్పాడు. ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే.

మాజీ సైనికుల ఇళ్ళలో ఇలాంటిది జరిగితే వాళ్ళ సంఘం తరఫున విచారించేది సుకమాయ పరియార్. ఖాట్మండులో పద్దెనిమిదేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి మానేసి వచ్చింది. మనుషుల మౌనాల్లో చాలా రకాలు చూసింది. ఇది తప్పు చేసినవాళ్ళ మౌనంలా లేదు. ఎవరికో మాట ఇచ్చినవాళ్ళ మౌనంలా ఉంది.

“సరే, ఏడింటికి ముందు సంగతి చెప్పు. టీ ఎవరు పెట్టారు?”

“నేనే. ఆరింటికి పాల టీ ఇచ్చాను. తాగేశాడు. గ్లాసు కడిగి బోర్లించాను. రేడియోలో ఏడింటి వార్తలు మొదలయ్యాక బయల్దేరాను.”

“అప్పటికి ఆయన కోటు వేసుకున్నాడా?”

“వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. చాలాసేపు అలాగే ఉన్నాడక్కా. ‘వెళ్ళిరా తల్లీ, ఇవాళ నాకు ఒళ్ళు తేలిగ్గా ఉంది’ అన్నాడు.” ఇంద్రకళ మొదటిసారి తలెత్తింది. “పతకాలు నేను పెట్టలేదు. ఆయనే పెట్టుకున్నాడు. నా మీద ఒట్టు.”

తలుపు దగ్గర నవ్వు వినబడింది. ఇన్‌స్పెక్టర్ దివాకర్ ఖతివడా తలుపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముప్పై రెండేళ్ళుంటాయి. ధరాన్‌కి వచ్చి ఏడాది కాలేదు.

“అయిందా సుకమాయ గారూ, మీ ఓదార్పు? ఆయనే పెట్టుకుంటే సాహస పతకం కుడివైపు ఎందుకుంటుందమ్మా? పందొమ్మిదేళ్ళు సిపాయిగా చేసినవాడికి పతకం ఎటువైపు పెట్టుకోవాలో తెలీదా? ఈవిడ టీ ఇచ్చింది, ముసలాయన పోయాడు. పరేడుకి తయారవుతూ గుండె ఆగి పోయినట్టు కనబడాలని కోటు తొడిగింది. ఎదురుగా నిలబడి పతకం గుచ్చింది. తన ఎడమే ఆయన ఎడమ అనుకుంది. అంతే.”

“మిగతా మూడూ ఎడమవైపే ఉన్నాయి కదండీ. ఆ ఒక్కదానికే ఎడమ మర్చిపోయిందా?”

“కంగారు.”

“నన్ను ఆ కోటు చూడనివ్వండి.”

“చూడండి, చూడండి. దర్జీ గారమ్మాయి కదా, బట్ట కనబడితే చెయ్యి ఊరుకోదు.”

సుకమాయ గూర్ఖా క్యాంపులో తండ్రి కుట్టుమిషను పక్కన కూర్చుని రిబ్బన్లు కత్తిరిస్తూ పెరిగిన మాట నిజమే. అది తిట్టు అనుకునేవాడికి దాని విలువ చెప్పే తీరిక ఇప్పుడు లేదు.

*

పన్నెండూ యాభైకి ఇద్దరూ కర్ణధ్వజ్ ఇంట్లో ఉన్నారు. శవాన్ని ఆసుపత్రికి తీసుకుపోయారు. కోటును బల్ల మీద పరిచి కానిస్టేబులు కాపలా ఉన్నాడు.

సుకమాయ ముందు గ్లాసు వాసన చూసింది.

“రమ్ము.”

“సిపాయిలు తాగరా ఏమిటి?”

“ఈయన మానేసి పదేళ్ళయింది. ఇంట్లో సీసా ఏమన్నా దొరికిందా?”

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబులు వైపు చూశాడు. కానిస్టేబులు తల అడ్డంగా ఊపాడు.

ఆమె కోటు మీదికి వంగింది. ఎడమ జేబు పైన మూడు పతకాలు ఒకే పట్టీ మీద ఉన్నాయి. మలయా పతకం, దాని పక్కన బోర్నియో పతకం, చివర దీర్ఘ సేవకి ఇచ్చిన ఎర్ర రిబ్బను పతకం. కుడివైపు ఒంటరిగా, నీలం అంచు రిబ్బనుతో సాహస పతకం.

“ఇలా రండి. వరస ఎలా ఉండాలో చెబుతాను. సాహసానికి ఇచ్చింది అన్నిటికన్నా ముందు, ఛాతీ నడిమధ్యకి దగ్గరగా. తర్వాత యుద్ధాలవి, అవి జరిగిన వరసలో. చివర సేవ పతకం. ఈయన నాలుగూ నిన్నమొన్నటిదాకా ఒకే పట్టీ మీద ఉండేవి. ఇదిగో, కోటు మీద పాత పిన్ను కోసం కుట్టిన దారపు కొక్కేలు. నాలుగు పతకాల వెడల్పు. ఇప్పుడున్న పట్టీ మూడింటిదే. ఖాళీ వదల్లేదు. విప్పి, కొలిచి, కొత్త పట్టీ మీద మళ్ళీ కుట్టారు. కుడివైపు కూడా కొత్త కొక్కెం కుట్టారు. దారం ఇంకా మెరుస్తోంది. మిల్లీమీటరు తేడా లేదు. కంగారులో శవం మీద చేసే పనేనా ఇది?”

ఖతివడా వంగి చూశాడు. “అయితే ముసలాయనే కుట్టించుకున్నాడంటారు. మరి తప్పువైపు ఎందుకు?”

“తప్పు కాదు. పొద్దున శిల దగ్గర మీరు కూడా ఉన్నారుగా. ముందు వరసలో ఆడవాళ్ళు పతకాలు ఎటువైపు పెట్టుకున్నారు?”

“కుడివైపు. ఎడమవైపు చీర కొంగు అడ్డమొస్తుందని అటు పెట్టుకున్నారనుకున్నాను.”

ఆ మాటకి కానిస్టేబులు తల దించుకుని నవ్వు ఆపుకున్నాడు. అతను కూడా సిపాయి కొడుకే.

“వాళ్ళంతా విధవలండీ,” అంది సుకమాయ. “ఎడమ గుండె మీద ఎవరు సంపాదించింది వాళ్ళే పెట్టుకోవాలి. మన ఇంట్లో పోయినవాళ్ళ పతకం పెట్టుకుంటే అది కుడివైపు. ఈ ఊళ్ళో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. కర్ణధ్వజ్ అందరి ముందూ ఇలా నిలబడాలనుకున్నాడు. ఈ పతకం నాది కాదు, నా ఇంట్లో పోయినవాడిది అని ఒక్క మాట పలక్కుండా చెప్పాలనుకున్నాడు.”

“కథ బాగుంది. పతకం అంచు మీద నంబరూ పేరూ ఉంటాయిగా. చదవండి మరి.”

ఆమె పతకాన్ని కిటికీ వెలుతురుకి తిప్పింది. నంబరు చివర ‘74’, కర్ణధ్వజ్ సర్వీసు నంబరే. పక్కన ‘నెంబాంగ్’ అన్న ఇంటిపేరు. ఖతివడా మొహంలో గెలుపు కనబడింది. సుకమాయ ఇంకొంచెం తిప్పింది. 74 పక్కనే సూది మొనతో గీసిన రెండు వంకర అంకెలున్నాయి. 47.

 పలటన్‌లో, అంటే ఆయన పటాలంలో, సగం మంది నెంబాంగ్‌లు, సగం మంది లావతీలు. పేరు పెట్టి పిలిస్తే పదిమంది పలుకుతారు. అందుకని నంబరులో చివరి రెండంకెలే సిపాయికి పేరు. క్యాంపులో ఆమె తండ్రి కుట్టిన ప్రతి కోటు లోపలా ఆ రెండంకెలే ఉండేవి.

గుమ్మం దగ్గర బూట్ల చప్పుడైంది. కానిస్టేబులు సెల్యూట్ చేశాడు. సంఘం అధ్యక్షుడు, రిటైర్డ్ కెప్టెన్ జస్‌రాజ్ లావతి. డెబ్భై దాటినా నడుం వంగలేదు. పరేడు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ఎడమ గుండె నిండా పతకాలు. పొద్దున కర్ణధ్వజ్ బదులు మొదటి పూలచక్రం పెట్టింది ఆయనే.

“సుకమాయా, నీకెందుకమ్మా ఈ శ్రమ? పోలీసులున్నారుగా,” అన్నాడు మెత్తగా. “ఇన్‌స్పెక్టర్ గారూ, చిన్న మనవి. సాయంత్రం అంత్యక్రియలు ఈ కోటుతోనే జరగాలి. వీరుడి గుండె మీద పతకం తప్పువైపు ఉంటే పలటన్‌కే సిగ్గు. నాకివ్వండి, సరి చేయించి తెస్తాను.”

ఖతివడా కోటు అందుకోబోయాడు. సుకమాయ దాని మీద అరచెయ్యి పెట్టింది.

“తప్పువైపా, కెప్టెన్ సాబ్?”

“మరి కాదా?”

“మీరు అలా అంటే నాకు వింతగా ఉంది. చిన్నప్పుడు మా నాన్నకి ఈ నియమాలన్నీ చెప్పింది మీరే. కుడివైపు అంటే ఏమిటో కూడా.”

కెప్టెన్ ఒక్క క్షణం ఆమెవైపు చూశాడు. “పెద్దవాణ్ణయ్యానమ్మా. కళ్ళు కనబడటం లేదు,” అని టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. బయట జీపు బయల్దేరిన చప్పుడు వినబడింది. ఒంటిగంటా పదిహేను.

“అంత పెద్దమనిషిని ఆ మాట అంటారా?” ఖతివడా మండిపడ్డాడు. “మీకు దర్జీ కులం కసో, ఉద్యోగం పోయిన కడుపుమంటో అర్థం కావటం లేదు.”

“ఉద్యోగం పోలేదు, నేనే వదిలేశాను. మొదటి మాటకి జవాబు తర్వాత చెబుతాను. కోటు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఇస్తే రేపు కోర్టులో మీరే జవాబు చెప్పుకోవాలి.”

*

ధరాన్‌లో పతకాల పట్టీ అంత నాజూకుగా కుట్టేవాడు ఒక్కడే మిగిలాడు. సుకమాయ తండ్రి దగ్గర పని నేర్చుకున్న మంతబీర్. ఒంటిగంటన్నరకి ఆమె కొట్లో అడుగుపెట్టేసరికి అతను మిషను ఆపి, కళ్ళద్దాలు తీసి, కళ్ళు తుడుచుకున్నాడు.

“వస్తావని తెలుసు అమ్మాయీ. కుట్టు చూస్తే నీకు తెలిసిపోతుంది.”

“ఎప్పుడు తెచ్చాడు బాబాయ్?”

“మొన్న శనివారం పదింటికి. ‘విప్పెయ్, మొదటిది వేరే పిన్నుకి కుట్టు’ అన్నాడు. ‘వరస తప్పుతుంది సాబ్’ అన్నాను. ‘ముప్పై తొమ్మిదేళ్ళుగా తప్పే ఉంది మంతబీర్, ఇప్పుడు సరిపోతుంది’ అన్నాడు. సూది అడిగి తీసుకుని అంచు మీద ఏదో గీసుకున్నాడు.  నేను గీస్తానంటే ఇవ్వలేదు.”

“నలభై ఏడు ఎవరు?”

“తమ్ముడు. ఐతమాన్.”

సుకమాయ స్టూలు లాక్కుని కూర్చుంది. ఐతమాన్ నెంబాంగ్ పేరు ఆమె విన్నదే. శిల మీద లేని పేరు. పారిపోయినవాడి పేరు.

“యాభై ఏడులో మలయాలో గుట్ట మీద ఇద్దరినీ కాపలా పెట్టారట,” మంతబీర్ గొంతు తగ్గించాడు. “కాల్పులు మొదలవగానే అన్నకి కాళ్ళు ఆగలేదు. పరిగెత్తాడు. తమ్ముడొక్కడే గన్ను పట్టుకుని తెల్లారేదాకా నిలబడ్డాడు. కింద ఉన్న దళమంతా బతికింది. వాడు బతకలేదు. శవం వాగులో పోయింది. దొరకలేదు. సార్జంటు వైర్‌లెస్‌లో కబురు పంపాడు. డెబ్భై నాలుగు నిలబడ్డాడు, నలభై ఏడు పారిపోయాడు అని.”

“అంకెలు తిరగబడ్డాయి.”

“అప్పుడు పొరపాటేనట. మర్నాడు తెలిసింది. దిద్దితే తన పొరపాటు పైవాళ్ళకి తెలుస్తుంది. ఆ కబురుని మెచ్చుకుని అతన్ని ఆఫీసరుని చేయబోతున్నారు. ‘నోరెత్తావా, పారిపోయినందుకు నువ్వు జైలుకి పోతావు’ అని కర్ణధ్వజ్‌ని బెదిరించాడు. ఈయన నోరు మూసుకున్నాడు. ఊళ్ళో తమ్ముడి పెళ్ళాం ఫూల్‌మతిని పిరికివాడి పెళ్ళాం అన్నారు. నీళ్ళ దగ్గర కూడా ఎవరూ పక్కన నిలబడేవాళ్ళు కాదట. అన్నీ చూస్తూ ఈయన ఏటేటా పతకం పెట్టుకుని ముందు నడిచాడు.” మంతబీర్ ముక్కు తుడుచుకున్నాడు. “ఏడ్చాడమ్మాయీ. పెద్దవాళ్ళు అలా ఏడిస్తే చూడలేం.”

“ఆ సార్జంటు ఎవరు?”

మంతబీర్ వీధివైపు చూశాడు.

“కర్ణధ్వజ్ చెబుతుండగానే ఆ మనిషే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తన పతకాలకి కొత్త రిబ్బన్లు వేయించుకోవడానికి వచ్చాడు. అంతా విన్నాడు. కర్ణధ్వజ్ లేచి అటెన్షన్‌లో నిలబడి, ‘పదకొండున చెప్పేస్తాను సాబ్, మరదలు వస్తోంది, ఆమె పక్కన నిలబడి చెబుతాను’ అన్నాడు. కెప్టెన్ సాబ్‌కి కోపమే రాలేదు. భుజం తట్టి, ‘మంచిది, ఆమె ఎక్కడ దిగుతుంది, సంఘం జీపు పంపిస్తాను’ అని అడిగాడు. ఈయన చెప్పేశాడు.”

“ఇది పొద్దున్నే ఎందుకు చెప్పలేదు బాబాయ్?”

“నేను దర్జీని. ఆయన కెప్టెన్. చెబితే ఎవరు నమ్ముతారు?”

సుకమాయకి గ్లాసులోని రమ్ము వాసన గుర్తొచ్చింది. పలటన్‌లో పండగ పరేడు రోజున ఆఫీసర్లు తమ చేత్తో సిపాయిలకి రమ్ము కలిపిన టీ పోస్తారు. ఆఫీసరు పోసింది సిపాయి కాదనడు. మానేసి పదేళ్ళయినా సరే. ఆయన నిలబడే తాగి ఉంటాడు, థాంక్యూ సాబ్ అని కూడా అని ఉంటాడు. 

“లే బాబాయ్. ఠాణాకి నడువు. నిన్ను నమ్మేలా చెయ్యడం నా పని.”

*

రెండూ పాతికకి ఠాణాలో ఇంద్రకళ, ఖతివడాల ఎదుట మంతబీర్ అదంతా మళ్ళీ చెప్పాడు. ఆమె మొహం చేతుల్లో దాచుకుంది.

“నువ్వు ఫూల్‌మతి దగ్గరికి వెళ్ళావు కదూ?” అంది సుకమాయ.

“నిన్న సాయంత్రం బస్సుకి వచ్చిందక్కా. బస్టాండు వెనక లాడ్జిలో పెట్టాను. పొద్దున ఏడింటికి వెళ్ళి తల దువ్వి, కొత్త చీర కట్టాను. విషయం ఇంకా ఆవిడకి తెలీదు. తన నోటితోనే చెప్పాలని మామయ్య నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆయన పోయాక...” ఆమె ఖతివడా వైపు భయంగా చూసింది. “నేను ఆవిడ పేరు చెబితే, పగబట్టి చంపిందని ఆవిణ్ణి పట్టుకుంటారు. ఇన్నేళ్ళు పడిన మాటలు చాలవా? అందుకే చెప్పలేదు.”

“ఇప్పుడెక్కడుంది?”

“అక్కడే. మామయ్యకి ఒంట్లో బాగాలేదు, వచ్చేదాకా గది దాటొద్దని చెప్పాను. అన్నం కూడా తినకుండా కూర్చుని ఉంటుంది.”

ఖతివడా లేచి నిలబడ్డాడు. “ఒక దర్జీ చెప్పిన మాట మీద కెప్టెన్ లావతిని ఖూనీకోరు అనమంటారా? పొద్దున నా పక్క కుర్చీలో కూర్చున్నాడాయన!”

“ఎన్నింటికి వచ్చి కూర్చున్నాడు?”

“ఎనిమిదిన్నరకి. ఏర్పాట్లు చూడ్డానికి ఎనిమిదింటికే రావాలట, ఆలస్యమైందని...” అతను మాట మింగాడు.

“ఆలస్యమైందని క్షమాపణ చెప్పాడా? ముప్పై ఏళ్ళలో ఆ మనిషి పరేడుకి ఒక్క నిమిషం ఆలస్యంగా రాలేదు. కోటు కోసం మీ ముందు చెయ్యి చాచాడు. అంచు మీద గీత ఉందని ఆయనకి తెలుసు. ఇంకొక్కటి కూడా తెలుసు.” సుకమాయ అప్పటికే గుమ్మం దాటింది. “ఫూల్‌మతి ఏ లాడ్జిలో ఉందో.”

ఖతివడా ఒక్క క్షణం ఆగి, టోపీ పెట్టుకుని ఆమె వెనకాల పరిగెత్తాడు.

*

లాడ్జి గది తలుపు తీసి ఉంది. మంచం మీద దుప్పటి మడత నలగలేదు. ప్లేటులో అన్నం ముట్టుకోలేదు. రెండూ నలభై అయిదు.

“ముసలావిడా? వెళ్ళిపోయిందిగా,” అంది లాడ్జి యజమానురాలు. “రెండింటికి పెద్దసాబ్ ఒకాయన జీపులో వచ్చారు. గుండె నిండా పతకాలు. ఎంత మంచి మనిషో! ‘అమ్మా, నీ మొగుడు పారిపోలేదు, వీరుడు, కాగితాల్లో తప్పు రాశారు. పద, మీ ఊరికెళ్ళి అందరి ముందూ నేనే చెబుతాను’ అన్నారు. ఆ తల్లి ఏడ్చింది చూడండీ, నాకూ ఏడుపొచ్చింది. ఆయన కాళ్ళ మీద పడబోతే ఆయనే పట్టుకుని లేపారు. అన్నం తిని వెళ్ళమ్మా అంటే ఆకలి లేదంది.”

సుకమాయ మంచం కోడు పట్టుకుంది. ముప్పై తొమ్మిదేళ్ళు ఆ మాట కోసం ఎదురుచూసిన మనిషి. ఆ మాట చెప్పినవాడి వెంట ఎక్కడికైనా వెళ్తుంది.

“కొండదారి,” అన్నాడు ఖతివడా.  లాడ్జి ఫోను లాక్కుని భేడేటార్ చెక్‌పోస్టుకి చేశాడు. అక్కడిదాకా ఎక్కే దారికి ఇళ్ళున్నాయి. అది దాటితే ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. “లావతి సాబ్ జీపు వచ్చిందా? వస్తే గేటు వెయ్యండి. ఆపండి.”

అవతలి గొంతు ఉత్సాహంగా ఉంది. పక్కన నిలబడ్డ సుకమాయకి కూడా ప్రతి మాటా వినబడింది.

“ఇప్పుడే దాటింది సార్, అయిదు నిమిషాలు కాలేదు. ముందు సీట్లో ఒక ముసలావిడ ఉంది. కిటికీలోంచి తల బయటపెట్టి మమ్మల్నందర్నీ పిలిచింది. మొగుడి పేరు చెప్పింది సార్, పైకి, గట్టిగా! ఐతమాన్ నెంబాంగ్ భార్యని అంది. ఆ వయసు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకడం నేనెప్పుడూ వినలేదు. మాకందరికీ దణ్ణం పెట్టింది. సాబ్ నవ్వుతూ చూస్తున్నారు. మేం లేచి సెల్యూట్ చేసి, గేటెత్తి పంపించేశాం సార్.”